ఆగిన విమానం

మా పొన్నూరికి విమానాశ్రయం లేదు. రైలెక్కాలన్నా నిడుబ్రోలు స్టేషను పేరే చెప్పుకోవాలి. అయితేనేం, ఎగరడంలో ఆరితేరినవాళ్ళు ఇద్దరున్నారు మా వూళ్ళో. సహస్రలింగేశ్వరస్వామి గుళ్ళో ఆంజనేయస్వామినీ, గరుత్మంతుణ్ణీ చూడాలంటే మెడ వెనక్కి వాల్చి చూడాలి. అంతెత్తు విగ్రహాలు! ఒకాయన సముద్రం దాటినవాడు, ఇంకొకాయన అమృతం మోసుకొచ్చినవాడు. ఇద్దరికీ ఇంజన్లు లేవు. రాత్రిళ్ళు ఎవరూ విప్పి చూసి మళ్ళీ బిగించనక్కర్లేదు. అంచేత ఎగరడమంటే అదేదో దైవకార్యమనీ, మనిషి చెయ్యి పెట్టాల్సిన పని కాదనీ మా వూళ్ళో చాలామందికి ఓ నమ్మకం స్థిరపడిపోయింది కాబోలు. మా మేనకోడలు బుజ్జి విమానాల చదువు చదువుతానని చెప్పిన రోజున మా యింట్లో పుట్టిన గందరగోళానికి ఇంకో కారణం నాకు తోచదు.

"నడుపుతావా?" అన్నాడు అన్నయ్య, సగం భయంతో, సగం గర్వంతో.

"నడపను నాన్నా. బాగుచేస్తాను."

గర్వం కాస్తా ఎగిరిపోయి భయం ఒక్కటే మిగిలింది. వదిన అయితే, "అంటే సెంటర్లో స్కూటర్లు బాగుచేసే కుర్రాడిలాగానా?" అని తేల్చేసింది.

వదిన్ని అనడానికేముంది? మన నవలల్లో పైలట్లకి కొదవ లేదు. ఆరడుగుల ఎత్తు, నల్ల కళ్ళద్దాలు, భుజం మీద బంగారు చారలు. నా నవల్లోనూ ఒకాయన వున్నాడు. మూడొందల పేజీల్లో ఆయన నాయికని రెండుసార్లు అపార్థం చేసుకున్నాడు గాని, ఇంజన్లో చమురెంతుందో చూడమని ఏ పాఠకురాలూ ఆయన్ని అడగలేదు. ఆ చమురు చూసే మనిషి నవల్లోకి రాదు. మా యింట్లోకి మాత్రం వచ్చి కూర్చుంది.

బుజ్జి పనిచేసేది రెండు ఇంజన్ల పంకా విమానాల మీద. గన్నవరం నుంచి హైదరాబాదు వెళ్ళినవాళ్ళు చూసే వుంటారు, రెక్కలకి చెరో పక్కన పెద్ద పంకాలు తిరిగే విమానం. ఏటీఆర్ అంటారు. ఫ్రెంచివాళ్ళూ ఇటలీవాళ్ళూ కలిసి చేస్తారు దాన్ని. డెబ్బైమందికి పైగా పడతారు. 1981లో మొదలైన వాయుదూత్ సంస్థ చిన్న చిన్న వూళ్ళకి నడిపిన డోర్నియర్ కూడా ఈ జాతిదే. దాన్ని మన కాన్పూరులోనే హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్ళు తయారుచేశారు.

పంకా కనపడుతోంది గదా అని అదేదో తాతల కాలంనాటి విమానం అనుకోకండి. లోపల వుండేది జెట్ విమానాల్లో వుండే టర్బైనే. గాలిని పీల్చి, అదిమి, అందులో కిరసనాయిలు మండించి, ఆ వేడిగాలి వూపుతో టర్బైను తిప్పుతారు. ఆ టర్బైను తిరిగే వేగం ప్రొపెల్లరు తట్టుకోలేదు గనుక మధ్యలో గేర్లు పెట్టి వేగాన్ని తగ్గిస్తారు. దగ్గర దూరాలకీ, పొట్టి రన్‌వేలకీ, తక్కువ ఇంధనంతో పనయిపోవాలన్నా ఇదే మేలట. కిరసనాయిలంటే మన స్టవ్వుల్లో పోసుకున్నదే, ఇంకా శుభ్రం చేసినది. ఇది విన్నాక వదినకి ఆ విమానం మీద కొంచెం చనువు ఏర్పడింది.

"రెండు ఇంజన్లున్నాయంటున్నావుగా. ఒకటి చెడితే రెండోది వుంటుంది. ఇంక భయమేముందే?" అన్నది.

"మన ఎడ్లబండికి రెండెడ్లు గదమ్మా. దారిలో ఒకటి కూలబడితే రెండోది బండిని సూటిగా లాక్కుపోతుందా?"

వదిన పుట్టిల్లు పల్లెటూరు. ఆమెకి వెంటనే అర్థమయింది. నాకు కాస్త ఆలస్యంగా అర్థమయింది. ఎడమెద్దు పడిపోతే కుడెద్దు లాగిన లాగుడికి బండి ఎడమకి తిరిగి మడికట్టులోకి పోతుంది. విమానమూ అంతే. ఏ ఇంజను ఆగిపోయిందో ఆ పక్కకే తిరగబోతుంది. దానికి తోడు, ఆగిన ఇంజను తాలూకు ప్రొపెల్లరు వూరికే వుండదు. ఎదురుగాలికి గిరగిరా తిరుగుతూ విమానాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. తూర్పారబట్టే చేటని గాలికి అడ్డంగా పట్టుకుంటే చేతుల్లోంచి లాక్కుపోదూ? అదే చేటని అంచు గాలికి పెట్టి పట్టుకుంటే గాలి అటూ ఇటూ జారిపోతుంది. ప్రొపెల్లరు బ్లేళ్ళని కూడా అలాగే అంచు గాలికి వుండేలా తిప్పేస్తారు. ఫెదరింగ్ అంటారు దాన్ని. ఈలోగా పైలట్ కాలితో చుక్కాని తొక్కిపట్టి విమానాన్ని సూటిగా వుంచాలి. ఏ కాలికి పని లేకుండా పోయిందో ఆ పక్క ఇంజను చచ్చిందని గుర్తు. వేగం ఒక స్థాయికన్నా తగ్గితే చుక్కానికి కూడా బలం చాలదు. ఇవన్నీ ఒక్క నిమిషం లోపల తేలిపోవాల్సిన సంగతులు.

"అప్పుడు గబగబా చెయ్యాలన్నమాట," అన్నాను.

"కాదత్తా. గబగబా చెయ్యకూడదు. చచ్చిన ఇంజను ఏదో ఒకళ్ళు పైకి చెప్పాలి. దాని లివరు మీద చెయ్యి వేసి ఆగాలి. పక్క సీట్లోవాళ్ళు చూసి 'అవును, అదే' అనాలి. అప్పుడు లాగాలి."

ఇంత నిదానమెందుకో 2015 ఫిబ్రవరి 4న తైపేలో జరిగిన దాన్నిబట్టి తెలుస్తుంది. ట్రాన్స్ఏషియా వారి ఏటీఆర్ విమానం గాల్లోకి లేవగానే కుడివైపు ఇంజను బలం పోయింది. ఎడమది నిక్షేపంలా వుంది. ఆ కంగారులో కెప్టెను తగ్గించింది ఎడమదాన్ని. పడిపోయిన ఎద్దుని వదిలేసి, నిలబడ్డ ఎద్దు మెడ మీది కాడి దింపేసినట్టయింది. విమానంలో వున్న 58 మందిలో 43 మంది పోయారు.

నేపాల్‌లోని పోఖరాలో జరిగింది ఇంకా కడుపు తరుక్కుపోయే సంగతి. 2023 జనవరి 15న దిగబోతూ యెతీ ఎయిర్‌లైన్స్ వారి ఏటీఆర్ కూలి, అందులోని 72 మందీ పోయారు. ఇంజన్లు రెండూ బాగానే వున్నాయి. ఆ పూట విమానాన్ని నడుపుతున్నది అంజు ఖతివడా అనే ఆవిడ. దిగేముందు రెక్కల వెనకవుండే ఫ్లాపులు దించమని ఆవిడ అడిగింది. పక్కన కూర్చున్న సీనియర్ పైలట్ అలాగేనని బదులు చెప్పాడు. కాని ఫ్లాపుల లివరు కదల్లేదు. దాని బదులు ప్రొపెల్లర్ల లివర్లు వెనక్కి వెళ్ళాయని దర్యాప్తులో తేలింది. రెండు ప్రొపెల్లర్లూ ఒకేసారి ఫెదర్ అయిపోయాయి. ఒక ఇంజను పోయినప్పుడు ప్రాణం నిలబెట్టే వుపాయమే, రెండింటికీ జరిగేసరికి ప్రాణం తీసింది. ఈ అంజు భర్త కూడా ఆ కంపెనీలోనే పైలట్. 2006లో జుమ్లాలో ట్విన్ ఆటర్ అనే విమానం కూలి పోయాడు. అదీ రెండు ఇంజన్ల పంకా విమానమే. ఆ తర్వాతే ఆవిడ ఈ చదువు చదివి ఆకాశంలోకి వెళ్ళింది. ఆ సంగతి చదివిన రోజున నేను ఒక్క పేజీ కూడా రాయలేకపోయాను.

పైలట్ల సంగతి అలా వుంచి, విమానం నేలమీద వున్నప్పుడు జరిగే పని చూడండి. ఇది మన ఆడవాళ్ళకి ఇట్టే అర్థమయ్యే పని.

కిరసనాయిలు డబ్బాలో నీళ్ళు చేరితే ఏమవుతుంది? అడుక్కి దిగుతాయి. స్టవ్వు చిటపటలాడి ఆరిపోతుంది. విమానం ట్యాంకులో కూడా గాలిలోని చెమ్మ నీరుగా మారి అడుక్కి చేరుతుంది. అంచేత ట్యాంకు అడుగునున్న మర నొక్కి, గాజుసీసాలో కాస్త పట్టి, వెలుతురుకెత్తి చూస్తారు. నీళ్ళు కిందా, కిరసనాయిలు పైనా తేరి కనపడితే మళ్ళీ వంచుతారు. శుభ్రంగా వచ్చేదాకా ఇదే పని.

విమానం ముక్కు దగ్గర వేలెడంత సన్నటి గొట్టాలుంటాయి. విమానం ఎంత వేగంగా పోతోందో చెప్పేది అందులో దూరే గాలే. మనింట్లో స్విచ్చిబోర్డు కన్నాల్లో మట్టిగూళ్ళు కట్టే కందిరీగ వుందే, దానికి ఈ గొట్టాలంటే మహా ఇష్టం. విమానం నిలిచివున్నంతసేపూ వాటికి తొడుగులు తొడిగి, మరిచిపోకుండా ఎర్ర రిబ్బన్లు వేలాడదీస్తారు. బయలుదేరేముందు ఎవరో ఒకరు గుర్తుగా విప్పాలి. తొడగడం మరిచినా ముప్పే, విప్పడం మరిచినా ముప్పే.

సముద్రం దగ్గరి వూళ్ళలో ఎగిరే ఇంజన్ల లోపలికి వుప్పుగాలి పోతుంది. వాటికి మంచినీళ్ళతో స్నానం చేయిస్తారు. ప్రొపెల్లరు బ్లేడు అంచుని వేలితో తడిమి చూస్తారు. చిన్న గులకరాయి తగిలిన గంటు కూడా అలా వదిలేస్తే పగులుగా పెరగొచ్చు. పని అయ్యాక తెచ్చిన పనిముట్లన్నీ లెక్కపెట్టుకుంటారు. ఒక్క స్పానరు తక్కువైతే, అది దొరికిందాకా విమానం కదలదు. వడ్డన అయ్యాక గరిటెలు లెక్కపెట్టుకునే మా అమ్మ జ్ఞాపకం వచ్చింది నాకు.

అన్నిటికన్నా నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. ఒకే మనిషి ఒకే పూట రెండు ఇంజన్లకీ ఒకే పని చెయ్యకుండా చూస్తారు. తప్పనిసరై చేస్తే ఇంకొకరు వచ్చి విడిగా చూడాలి. ఎందుకంటారా? పులుసులో వుప్పు ఎక్కువేసిన చెయ్యే కూరలోనూ వేస్తుంది. ఆ పూట ఆ చేతి లెక్కే తప్పింది మరి! రెండు గిన్నెలున్నాయి గదా, ఒకటి పోయినా ఇంకోటుందన్న ధైర్యం అక్కడ పనికిరాదు.

1983 మే 5న అమెరికాలో సరిగ్గా ఇదే జరిగింది. మయామీ నుంచి బయలుదేరిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి పెద్ద జెట్ విమానం అది. దానికి ఇంజన్లు రెండు కాదు, మూడు. ముందురోజు రాత్రి మూడింటికీ ఒక చిన్న భాగం మార్చారు. ఆ భాగాలకి వుండాల్సిన రబ్బరు వుంగరాలు మాత్రం మూడింటిలోనూ లేవు. మన కుక్కరు మూతకి గాస్కెట్ లేకపోతే ఏమవుతుందో తెలుసుగా? సముద్రం మీద మూడు ఇంజన్లలోనూ చమురు కారిపోయింది. మొదట ఆపేసిన ఇంజన్నే మళ్ళీ ఎలాగో రాజేసి, ఆ ఒక్కదానితో 172 మందినీ వెనక్కి తెచ్చి దించారు. మూడు ఇంజన్ల ధైర్యం, నాలుగు రూపాయల రబ్బరు వుంగరం దగ్గర తేలిపోయింది.

పని పూర్తయ్యాక పుస్తకంలో రాసి, విమానం ఎగరడానికి తగివుందని లైసెన్సున్న ఇంజనీరు సంతకం చెయ్యాలి. ఆ సంతకం లేకపోతే ఎంత పెద్ద పైలట్ అయినా, ఎంత గొప్ప ప్రయాణీకుడు లోపల కూర్చున్నా, విమానం లేవడానికి లేదు.

ఆ సంతకం చేసే చేతికి గాజులు తొడగాలని వదిన తాపత్రయం. ఓ సంబంధంవాళ్ళు వచ్చారు. కాఫీలయ్యాక పెళ్ళికొడుకు తల్లిగారు ముద్దుగా, "పెళ్ళయ్యాక రాత్రి డ్యూటీలు మానేస్తావుగా అమ్మాయ్?" అన్నారు.

"విమానాలు పగలంతా ఎగురుతాయండీ. రాత్రే గదా వాటిని చూడటానికి తీరికయ్యేది," అన్నది మా బుజ్జి, అంతే ముద్దుగా.

వాళ్ళింటికెళ్ళి కబురు చేస్తామన్నారు. ఆ కబురు ఇంకా దారిలోనే వుంది.

ఇంతదాకా నేను నవ్వుతూ చెప్పుకొచ్చిన సంగతులన్నీ ఒకరాత్రి మా యింట్లో నవ్వులాట కాకుండా పోయాయి.

నాలుగేళ్ళ క్రితం మాట. అమ్మని హైదరాబాదులో ఆస్పత్రిలో చేర్చాం. నేను దగ్గరున్నాను. సాయంత్రానికి పరిస్థితి మారింది. ఆ రాత్రికే ఆపరేషన్ చెయ్యాలన్నారు. అన్నయ్యకి ఫోను చేశాను. వాడు కట్టుబట్టలతో పొన్నూరు నుంచి గన్నవరం చేరి, సాయంత్రం విమానానికి టిక్కెట్టు సంపాదించాడు. ఎక్కి కూర్చుంటే గంటలో హైదరాబాదు. అమ్మ కళ్ళు మూసుకునే, "వాడు బయల్దేరాడా?" అనడిగింది. బయల్దేరాడన్నాను.

వాడు గన్నవరంలోనే వున్నాడు. ఎక్కబోయేముందు పైలట్ విమానం చుట్టూ తిరిగి చూస్తుంటే ఒక ప్రొపెల్లరు మొదట్లో చమురు చార కనపడిందట. ఇంజనీరు వచ్చి తుడిచాడు. ఇంజను తిప్పి చూశారు. మళ్ళీ చార. ఇంకో అరగంటన్నారు, గంటన్నారు, సామాను వస్తోందన్నారు. కౌంటరు దగ్గర జనం కేకలు. ఒకాయన బల్ల గుద్దాడు. పెళ్ళికి వెళ్ళాల్సిన వాళ్ళెవరో ఏడుస్తున్నారు. ఇంజనీరు మాత్రం సంతకం పెట్టనన్నాడు. తొమ్మిదిన్నరకి విమానం రద్దయిందని చెప్పారు.

అన్నయ్య అప్పటికి కూతురికి ఫోను చేసి వున్నాడు. బుజ్జి వుద్యోగం వేరే వూళ్ళో. "మీ వాళ్ళెవరికైనా చెప్పవే. ఒక్క చమురు చార కోసం మీ నాయనమ్మ దగ్గరికి నన్ను పోనివ్వరా?" అని అరిచాడట.

బుజ్జి కాసేపు మాట్లాడలేదట. తర్వాత, "నాన్నా, ఆ బ్లేళ్ళని తిప్పేది ఆ చమురే. అక్కడ నేనున్నా సంతకం పెట్టేదాన్ని కాదు," అన్నదట. అన్నయ్య ఫోను పెట్టేశాడు.

కారు మాట్లాడుకుని వాడు బయలుదేరేసరికి పది దాటింది. పదిన్నరకి అమ్మని లోపలికి తీసుకెళ్ళారు. తలుపు దగ్గర స్ట్రెచరు ఆగినప్పుడు అమ్మ మళ్ళీ అడిగింది, "వాడొచ్చాడా?" అని. దారిలో వున్నాడన్నాను. అన్నయ్య వచ్చింది తెల్లవారుజామున నాలుగింటికి. అమ్మ బతికింది. కాని ఆ తలుపు దగ్గర వాడు లేడు. లేకపోవడం లేకపోవడమే. ఆ తర్వాత వారం రోజులు వాడు కూతురితో మాట్లాడలేదు.

విమానం మర్నాడు మధ్యాహ్నం ఎగిరిందట. ఏదో సీలు మార్చారని బుజ్జి కనుక్కుని చెప్పింది.

"మార్చకుండా ఎగిరితే ఏమయ్యేది?" అని నేనడిగాను.

"ఏమీ అయ్యేది కాదేమో అత్తా. హైదరాబాదులో దిగి, నాన్న నాయనమ్మ చెయ్యి పట్టుకునేవాడేమో."

"మరి?"

"అదే తెలీదు గదా. తెలీనప్పుడు సంతకం పెట్టకూడదు."

ఈ జవాబుతో అన్నయ్య సమాధానపడలేదు. అసలు సంగతి చెప్పింది మా అమ్మ, ఆస్పత్రి నుంచి వచ్చి కాస్త కోలుకున్నాక. మా నాన్న రైస్ మిల్లు నడిపేవారు. ఆయిల్ ఇంజను. ఓ సంక్రాంతి ముందు, ధాన్యం బళ్ళు వరసకట్టి నిలబడివుండగా, ఇంజను చప్పుడులో ఏదో తేడా వినపడిందని ఆయన మిల్లు ఆపేశారు. రైతులు పండక్కి బియ్యం కావాలని మొత్తుకున్నారు. కొందరు బళ్ళు తిప్పుకుని వేరే మిల్లుకి తోలుకుపోయారు. ఇంజను విప్పి చూడటానికి ఒక పగలూ రాత్రీ పట్టింది.

"చూస్తే ఏముందమ్మా?" అన్నాను.

"ఏమీ లేదు."

అన్నయ్య అదోలా నవ్వాడు. "అదీ సంగతి. వూరికే గిరాకీ పోయింది."

"ఏమీ లేదని విప్పితేగాని తెలీలేదు గదరా," అన్నది అమ్మ. "ఆ ఇంజను పక్కనే నువ్వూ, చెల్లీ ఆడుకుంటుండేవాళ్ళు."

అన్నయ్య మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం కూతురికి ఫోను చేసి, అన్నం తిన్నావా అనడిగాడు. అంతకుమించి ఇప్పటికీ ఆ రాత్రి ప్రస్తావన తండ్రీకూతుళ్ళ మధ్య రాలేదు.

గన్నవరం దారిలో ఇలా నేలమీదే బయటపడ్డ లోపం ఇంకోటుంది. 2003లో ఎయిర్ డెక్కన్ వారు హైదరాబాదు నుంచి గన్నవరానికి మొదటిసారి ఏటీఆర్ విమానం వేసినప్పుడు, వెంకయ్యనాయుడుగారివంటి పెద్దలు అందులో కూర్చున్నారు. అది నేల వదలకముందే ఇంజన్లో మంట లేచింది. అందరూ క్షేమంగా దిగారు. నేలమీద కనపడితే అది వార్త. ఆకాశంలో కనపడితే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

2024 మార్చి 18న బుజ్జి సెలవు మీద వుంటే, దాన్నీ వదిన్నీ తీసుకుని కొరిశపాడు వైపు వెళ్ళాను. అద్దంకి దగ్గర పిచ్చికలగుడిపాడు, రేణింగవరం మధ్య జాతీయ రహదారిని నాలుగు కిలోమీటర్లకి పైగా రన్‌వేలాగా కట్టారు. తుపానులూ యుద్ధాలూ వస్తే విమానాలు దించడానికి. 2022 డిసెంబరు 29న మొదటిసారి సరిచూశారు. ఇది రెండోసారి. చేల గట్ల మీద దూరంగా జనం, పిల్లలు, ఐస్ బండి. తిరునాళ్ళే! సుఖోయ్‌లు, హాక్‌లు రోడ్డుని తాకేటట్టు వచ్చి గర్జించుకుంటూ లేచిపోతుంటే అందరూ ఈలలు వేశారు. మా బుజ్జి మాత్రం వాటిని పట్టించుకోలేదు. తర్వాత మెల్లిగా వచ్చి, నిజంగానే రోడ్డు మీద దిగి, మళ్ళీ లేచిన రెండింటికోసం ఎదురుచూసింది. ఒకటి డోర్నియర్. ఇంకొకటి ఏఎన్-32. రెండూ రెండు ఇంజన్ల పంకా విమానాలే.

"ఏఎన్-32 ఇంజన్లు చూడత్తా, రెక్కలకి పైన ఎంతెత్తున పెట్టారో! ప్రొపెల్లర్లు నేలకి దూరంగా వుండాలని. ఇట్టాంటి చోట రాళ్ళు లేస్తయ్యి గదా."

వదిన చప్పున, "సముద్రంలో పోయిన విమానం పేరు కూడా ఇదే కదే?" అన్నది.

అదే. 2016 జులై 22న మద్రాసు దగ్గరి తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి బయలుదేరిన ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైపోయింది. 29 మంది వున్నారు. అందులో 8 మంది విశాఖపట్నం నావికాదళ ఆయుధ డిపోలో పనిచేసేవాళ్ళు. ఏడున్నరేళ్ళు వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏమనుకోవాలో తెలియకుండా వున్నారు. మేం రోడ్డు మీద విమానం చూడ్డానికి రెండు నెలల ముందు, 2024 జనవరిలో, మద్రాసుకి 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున దాని శకలాలు కనపడ్డాయని ప్రకటించారు. కారణం ఆ నీళ్ళ అడుగునే వుండిపోయింది. కారణం తెలియకపోవడమంటే ఏమిటో వాళ్ళని అడగాలి. గన్నవరంలో ఆ ఇంజనీరు చమురు చారని తుడుస్తూ ఒప్పుకోనిది దాన్నే.

ఈలలు వేసిన జనమంతా ఇళ్ళకి బయలుదేరారు. ఆ విమానాలు అలా దిగడానికి ముందు రోడ్డంతా చిమ్మినవాళ్ళు ఎవరో, తెల్లవారకుండానే లేచి ట్యాంకుల్లోంచి నీళ్ళు వంచి చూసినవాళ్ళు ఎవరో ఎవరికీ పట్టలేదు. పట్టదు కూడా. విమానం పడితే సాక్షులుంటారు. విమానం ఆలస్యమైనా సాక్షులుంటారు, కౌంటరు దగ్గర బల్ల గుద్దేవాళ్ళే వాళ్ళు. పడకుండా ఆగిన విమానానికి మాత్రం సాక్షి లేదు. ఆ రాత్రి సంతకం పెట్టని ఆ మనిషి ఎవరి ప్రాణమైనా కాపాడాడో లేదో అతనికే తెలియదు. మా అన్నయ్య కోల్పోయింది మాత్రం ఖాయంగా తెలుసు. ఇలాంటి లెక్కలో నష్టం ఎప్పుడూ కళ్ళకి కనపడుతుంది, లాభం ఎన్నడూ కనపడదు. మరిగించిన నీళ్ళు తాగి జబ్బుపడని పిల్లాడు, అమ్మా నీవల్లే నాకు జ్వరం రాలేదని వచ్చి చెబుతాడా?

అంచేత, ఎప్పుడైనా విమానాశ్రయంలో 'సాంకేతిక కారణాల వల్ల ఆలస్యం' అని వినపడితే, మీ కోపం మీరు పడండి. దానికి మీకు హక్కుంది. కంపెనీవాళ్ళని సంజాయిషీ అడగండి, కాఫీ అడగండి, డబ్బు వెనక్కి అడగండి. తొందరగా సంతకం పెట్టమని మాత్రం ఎవరినీ అడగకండి.

ఈమధ్య బుజ్జిని, నీ పని మీద నవల రాస్తానే, ఆ రికార్డుల్లో కథకి పనికొచ్చేవేమైనా చెప్పు అన్నాను. అది నవ్వింది. వాళ్ళ పుస్తకాల్లో పేజీ తర్వాత పేజీ ఒకటే రాసివుంటుందట. చూశాం, సరిగా వుంది, తేదీ, సంతకం. మళ్ళీ చూశాం, సరిగా వుంది, తేదీ, సంతకం.

"నీకు ఒక్క కథ కూడా దొరకదత్తా అందులో," అన్నది. "దొరక్కూడదనే గదా మేం రాత్రంతా మేలుకునేది."